మియాటాకి ఏ టైరు, ఏ రిమ్ము: సైజు తేల్చే లెక్క

సెకండ్‌హ్యాండ్ మాజ్దా ఎంఎక్స్-5 (మియాటా అని పిలిచే రెండు సీట్ల చిన్న కారు) కొన్నవాళ్లలో ఎక్కువమంది ముందు రిమ్ముల ఫొటోలు చూస్తారు. నచ్చిన డిజైన్ దొరికాక దానికి ఏ టైరు పడుతుందో వెతుకుతారు. పద్ధతి తిరగబడింది ఇక్కడే. టైరు ముందు, రిమ్ము తర్వాత. రోడ్డును పట్టుకునేది రబ్బరు. ఆ రబ్బరు మంచి రకంలో ఏ సైజుల్లో దొరుకుతుందో తేలితే రిమ్ము వ్యాసం, వెడల్పు దాదాపు వాటంతటవే తేలిపోతాయి. మిగిలేది ఆఫ్‌సెట్ ఒక్కటే (చక్రం ఎంత లోపలికో, ఎంత బయటికో చెప్పే అంకె), అది కూడికలు తీసివేతల లెక్క.

ఇక్కడి అంకెలు మొదటి రెండు తరాలవి. 1989 నుంచి 1997 దాకా వచ్చిన, లైట్లు పైకి లేచే ఎన్ఏ, ఆ తర్వాత 2005 దాకా వచ్చిన ఎన్‌బీ. అమెరికాలో మనవాళ్లు వీకెండ్ కారుగా కొనుక్కునేవి ఎక్కువగా ఇవే. మూడో తరం ఎన్‌సీకి ఐదు బోల్టులు, 114.3 మి.మీ. వలయం మీద (5×114.3), కాబట్టి ఈ లెక్కేదీ దానికి పనికిరాదు. నాలుగో తరం ఎన్‌డీ మళ్లీ 4×100కే వచ్చింది కానీ దాని టైరు పెద్దది.

ముందు ఫ్యాక్టరీ ఏం పెట్టింది

ఎన్ఏ 1.6కి ఫ్యాక్టరీ రిమ్ము 14 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ +45. టైరు 185/60 ఆర్14, అంటే వెడల్పు 185 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. బోల్టు సర్కిల్ 4×100, మధ్య బోరు (హబ్ మీద కూర్చునే రంధ్రం) 54.1 మి.మీ., నట్లు బిగించే స్టడ్లు ఎం12×1.5, అంటే 12 మి.మీ. లావు, మర 1.5 మి.మీ. 1994లో 1.8 ఇంజన్ వచ్చాక 6 అంగుళాల వెడల్పు రిమ్ములు కూడా వచ్చాయి, టైరు మాత్రం అదే. ఎన్‌బీలో 15×6, +40 ఆఫ్‌సెట్‌తో 195/50 ఆర్15 వచ్చింది. 2001 నుంచి కొన్ని మోడళ్లకు 16×6.5, +40 మీద 205/45 ఆర్16 ఇచ్చారు.

టైరు మొత్తం ఎత్తు కట్టడం సులువు. వెడల్పును సైడ్‌వాల్ శాతంతో గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము వ్యాసాన్ని 25.4తో గుణించి కలపాలి. 185/60 ఆర్14 అయితే 111 రెండింతలు 222, దానికి 355.6 కలిపితే 577.6 మి.మీ. ఈ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎన్ఏ స్పీడోమీటరు, గేర్లు, ఫెండరు లోపలి చోటు అన్నీ దీని చుట్టూ కట్టినవే.

ఇప్పుడు మిగతా సైజుల్ని దాని పక్కన పెట్టి చూడండి.

195/50 ఆర్15: 576 మి.మీ. తేడా లేనట్టే.
225/45 ఆర్15: 583.5 మి.మీ., 1 శాతం పెద్దది.
205/50 ఆర్15: 586 మి.మీ., 1.5 శాతం పెద్దది.
205/45 ఆర్16: 590.9 మి.మీ., 2.3 శాతం పెద్దది.
195/55 ఆర్15: 595.5 మి.మీ., 3.1 శాతం పెద్దది.
205/45 ఆర్17: 616.3 మి.మీ., 6.7 శాతం పెద్దది. ఎన్‌డీకి ఇది ఫ్యాక్టరీ సైజు. ఎన్ఏకి ఆలోచించకండి.

శాతాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టైరు పెద్దదయితే గేర్లన్నీ ఆ మేరకు పొడుగవుతాయి. అమెరికా 1.6 ఇంజన్ ఇచ్చేదే 116 హార్స్‌పవర్. రెండు మూడు శాతం పోగొట్టుకుంటే రెండో గేరులో మలుపు దాటి లేచేటప్పుడు తెలిసిపోతుంది. స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది: 205/45 ఆర్16 వేసిన ఎన్ఏలో ముల్లు 100 దగ్గరుంటే, మీటరు సరిగ్గా ఉందనుకుంటే, కారు 102 మీద పోతున్నట్టు.

పదిహేను అంగుళాలే ఎందుకు

పద్నాలుగులో ఇబ్బంది ఒక్కటే, టైర్లు. 185/60 ఆర్14లో మామూలు ఆల్‌సీజన్ రకాలు దొరుకుతాయి, మంచి పట్టున్న స్పోర్ట్స్ రకాలు చాలా తక్కువ. పదిహేనులో 195/50, 205/50, 225/45 మూడింటికీ వేసవి టైర్ల నుంచి ట్రాక్ టైర్ల దాకా ఉన్నాయి. పదహారులో 205/45కి కూడా మంచి రకాలున్నాయి కానీ సైడ్‌వాల్ 92 మి.మీ.కి పడిపోతుంది. పాత 185/60కి అది 111. గుంత తగిలినప్పుడు దెబ్బ ముందు తినాల్సింది ఆ సైడ్‌వాలే. అది చిన్నదయ్యేకొద్దీ దెబ్బ రిమ్ము అంచుకు, అక్కడి నుంచి మీ నడుముకు చేరుతుంది. 17 అంగుళాలు వేసిన ఎన్ఏలు పార్కింగ్‌లో చూడ్డానికి బాగుంటాయి. నడిపితే స్టీరింగ్ మొద్దుబారి, అతుకుల రోడ్డు మీద డాష్‌బోర్డు గలగలలాడుతుంది.

పదిహేనుకి ఇంకో కారణం బ్రేకులు. 1.6, 1.8 ఎన్ఏ బ్రేకుల మీద 14 అంగుళాల రిమ్ము కూర్చుంటుంది. 2001 తర్వాతి కొన్ని ఎన్‌బీల్లో వచ్చిన స్పోర్ట్ బ్రేకులకు ముందు డిస్కు 270 మి.మీ., దాని మీద 14 ఎక్కదు. రేపెప్పుడైనా ఆ బ్రేకులు మార్చుకునే ఉద్దేశం ఉంటే ఇప్పుడే 15కి వెళ్లడం మేలు.

ఇక వాడకాన్ని బట్టి. రోజూ ఆఫీసుకి, శనాదివారాలు ఘాట్ రోడ్డు లాంటి మలుపుల దారికి అయితే 15×7 మీద 195/50. నెలకోసారి ఆటోక్రాస్‌కో (కోన్ల మధ్య టైము మీద నడిపే పోటీ) ట్రాక్‌కో వెళ్తుంటే 15×8 మీద 205/50. పూర్తిగా ట్రాక్ కోసమే అయితే 15×9 మీద 225/45, కానీ దానికి ఫెండరు అంచు మడవక తప్పదు. ఈ మూడింటిలో మా ఓటు మొదటిదానికే. వెయ్యి కిలోల చుట్టూ తూగే కారుకు వెడల్పు రబ్బరు వేస్తే పట్టు పెరుగుతుంది, నిజమే. ఆ పట్టును వెచ్చబెట్టి వాడుకునేంత బలం స్టాక్ ఇంజనుకు లేదు. తడి రోడ్డు మీద వెడల్పు టైరు నీటి మీద తేలిపోయేది కూడా ముందే.

టైరు వెడల్పు, రిమ్ము వెడల్పు ఒకదానికొకటి సరిపడాలి. ప్రతి టైరు సైజుకూ కంపెనీ పట్టికలో రిమ్ము వెడల్పు హద్దులుంటాయి. 195/50 ఆర్15కి 5.5 నుంచి 7 అంగుళాలు. 205/50 ఆర్15కి 5.5 నుంచి 7.5. 225/45 ఆర్15కి 7 నుంచి 8.5. అంటే మియాటావాళ్లు అలవాటుగా వేసే 15×8 మీద 205/50, 15×9 మీద 225/45 రెండూ ఈ ప్రామాణిక హద్దుకు అర అంగుళం బయటే ఉన్నాయి. ఎందరో వేసుకుని ట్రాక్ మీద తిప్పుతున్నారు, సైడ్‌వాల్ బిగుసుకుని స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది. అయినా మీరు కొనబోయే టైరు కంపెనీ ఏ వెడల్పు దాకా ఒప్పుకుంటుందో వాళ్ల పట్టికలో చూసుకునే కొనండి. 195ని 8 అంగుళాల రిమ్ము మీదకు లాగి బిగించడం మాత్రం వద్దు. రిమ్ము అంచుకు రబ్బరు కాపు ఉండదు, ఫుట్‌పాత్ రాయి నేరుగా అల్యూమినియానికి తగులుతుంది.

లోడ్ ఇండెక్సూ చూడాలి. 185/60 ఆర్14 మీద ఉండేది 82, అంటే టైరుకు 475 కిలోలు. 195/50 ఆర్15 సాధారణంగా అదే 82తో వస్తుంది. అంతకంటే తగ్గకూడదు.

ఆఫ్‌సెట్: కాగితం మీద తేలే లెక్క

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పులో నడిమి గీతకూ, హబ్‌కు ఆనుకునే ముఖానికీ మధ్య దూరం. ప్లస్ పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి, తగ్గేకొద్దీ బయటికి. చాలామంది రిమ్ము అంకెలతోనే లెక్క ఆపేస్తారు. ఫెండరుకు తగిలేది టైరు గనుక టైరు వెడల్పుతో కట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టైరు మీద 195 అని ఉన్నంత మాత్రాన ఉబ్బు దగ్గర కొలిస్తే 195 ఉండదు. 195/50 ఆర్15 ప్రామాణిక వెడల్పు 6 అంగుళాల రిమ్ము మీద 201 మి.మీ. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు 5 మి.మీ. వెడల్పవుతుంది. కాబట్టి 7 అంగుళాల మీద 211. అలాగే 185/60 ఆర్14 తన 5.5 రిమ్ము మీద 189. 205/50 ఆర్15 ప్రామాణికంగా 6.5 మీద 214, 8 మీద వేస్తే 229. 225/45 ఆర్15 ప్రామాణికంగా 7.5 మీద 225, 9 మీద 240.

సగం వెడల్పులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ ముఖం నుంచి టైరు బయటికి ఎంతుందో వస్తుంది. సగం వెడల్పుకు ఆఫ్‌సెట్ కలిపితే లోపలికి ఎంతుందో వస్తుంది.

ఫ్యాక్టరీ 14×5.5, +45: సగం 94.5. బయటికి 49.5, లోపలికి 139.5.
15×7, +35, 195/50: సగం 105.5. బయటికి 70.5, లోపలికి 140.5. పాతదానికంటే 21 మి.మీ. బయటికి, లోపలికి ఒక్క మిల్లీమీటరు.
15×8, +36, 205/50: సగం 114.5. బయటికి 78.5, లోపలికి 150.5. పాతదానికంటే 29 బయటికి, 11 లోపలికి.
15×9, +36, 225/45: సగం 120. బయటికి 84, లోపలికి 156. పాతదానికంటే 34.5 బయటికి, 16.5 లోపలికి.

చూశారుగా, ఈ కారులో లోపలివైపు చోటు బాగానే ఉంది, ఇరుకంతా బయటి ఫెండరు దగ్గరే. అందుకే 8 అంగుళాల వెడల్పులో +36 చాలామందికి చిక్కులేకుండా సరిపోయింది. మియాటాలకు రిమ్ములు చేసే 949 రేసింగ్ వాళ్లు తమ 6యూఎల్ రిమ్మును 8లోనూ 9లోనూ అదే +36తో చేశారు. ఎన్‌కై ఆర్‌పీఎఫ్1 15×8 అయితే +28తో వస్తుంది. మంచి రిమ్మే, కానీ అదే టైరు ఇంకో 8 మి.మీ. బయటికి వస్తుంది. దానికి ఫెండరు అంచు మడవాల్సి రావచ్చని ముందే అనుకుని కొనాలి.

ఆఫ్‌సెట్ మరీ తగ్గిస్తే ఫెండరు ఒక్కటే కాదు, స్టీరింగూ పాడవుతుంది. ముందు చక్రం తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ దూరం పెరుగుతుంది. దాంతో ఒక టైరు గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలో గుంజుతుంది, బ్రేకు వేస్తే ఒకవైపు లాగినట్టు ఉంటుంది, వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది. 15 లేదా 20 ఆఫ్‌సెట్ రిమ్ములు ఫొటోల కోసం బాగుంటాయి.

ముందూ వెనకా ఒకే సైజు వేయండి. బరువు ముందు వెనకలకు దాదాపు సమానంగా పంచి చేసిన కారు ఇది. వెనక వెడల్పు పెంచితే ముందు భాగం జారడం మొదలవుతుంది. ఎల్ఎస్‌డీ (వెనక చక్రాల్లో ఒకటి ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) ఉన్న కారయితే వెనక రెండు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే తిన్నగా పోతున్నప్పుడు కూడా ఆ డిఫరెన్షియల్ ఊరికే పనిచేస్తూ అరుగుతుంది.

కాగితం నుంచి కారు దగ్గరికి

లెక్క సరిపోయిందని ఆర్డరు పెట్టకండి. ముప్పై ఏళ్ల కారు. స్ప్రింగులు దిగి ఉండొచ్చు, ఎప్పుడో ఒక ఫెండరు మార్చి ఉండొచ్చు, ఎడమకూ కుడికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉండటం మామూలే.

చదును నేల మీద కారు నిలబెట్టి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, టైర్లలో గాలి సరిచేయండి. ఎన్ఏకి డోరు దగ్గర స్టిక్కరు మీదున్నది నాలుగింటికీ 26 పీఎస్ఐ. ఒక దారానికి నట్టు కట్టి ఫెండరు అంచు నుంచి, సరిగ్గా చక్రం మధ్యకు పైన, కిందికి వేలాడదీయండి. దారానికీ, టైరు బాగా ఉబ్బిన చోటుకూ మధ్య ఖాళీ కొలవండి. నాలుగు చక్రాలకూ కొలిచి రాసుకోండి. కారుకు ఉన్నవి ఫ్యాక్టరీ చక్రాలే అయితే, అందులోంచి పై లెక్కలో 'పాతదానికంటే' ఎన్ని మి.మీ. బయటికి అని ఉందో ఆ అంకె తీసేయండి. సున్నా కంటే ఎక్కువ మిగిలితే నిశ్చింత. ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ పడినా వెంటనే కంగారు పడక్కర్లేదు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ కాబట్టి, చక్రం పైకి లేచేకొద్దీ టైరు పైభాగం లోపలికి వాలుతుంది. అయిదు దాటి తక్కువ పడితే అంచు మడవక తప్పదనుకోండి. అందరూ చెప్పే ఇంకో ఉపాయం నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగాన్ని లోపలికి వాల్చి పెట్టడం. అది పనిచేస్తుంది, కానీ అనుకున్నంత కాదు. ఈ కార్లలో క్యాంబర్ సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు కింది ఆర్మ్ దగ్గరున్నాయి. అక్కడ తిప్పితే చక్రం అడుగు బయటికి జరుగుతుంది తప్ప, పైభాగం లోపలికి పెద్దగా రాదు.

తర్వాత సస్పెన్షన్ నొక్కి చూడాలి. కొత్త సైజు చక్రం ఎవరిదగ్గరైనా అరువు దొరికితే సరే, లేదంటే కొన్నాక టైరు వేసిన మొదటి చక్రంతోనే ఇది చేయండి. మిగతా చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, ఆ మూల కింది ఆర్మ్ చివర బాల్ జాయింట్ దగ్గర జాకీ పెట్టి, బాడీ లేవడం మొదలయ్యేదాకా మెల్లగా ఎత్తండి. ముందు చక్రాలైతే ఆ స్థితిలోనే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. టార్చిలైటు వేసి మూడు చోట్లు చూడండి: ఫెండరు పై అంచు, బంపరూ ఫెండరూ కలిసే చోట లోపలున్న స్క్రూ బిగింపు ముక్క, పూర్తి లాక్‌లో లోపలివైపు యాంటీరోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ). చేతివేలు దూరేంత సందు ఎక్కడా తగ్గకూడదు. కారును కిందికి దించి కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాక్ సెట్లు) వేసినవాళ్లు వాటి స్ప్రింగు పళ్లేనికీ టైరుకూ మధ్య కూడా చూడాలి.

తేలని అనుమానం ఉంటే ఫెండరు అంచు లోపల మాస్కింగ్ టేపు అతికించి, పక్క సీట్లో మనిషినీ డిక్కీలో బరువునూ పెట్టుకుని స్పీడు బ్రేకర్ల మీద, మలుపుల్లో ఒక గంట తిప్పి రండి. టేపు నల్లబడిన చోటే రాసుకుంటోంది. ముందు ఫెండరులో తగిలేది సాధారణంగా ఆ స్క్రూ ముక్కే. దాన్ని కోసేయొచ్చు, లేదా మడిచేయొచ్చు. వెనక తగిలేది అంచు. దాన్ని మడవాలంటే ముందు హీట్ గన్‌తో పెయింటు చెయ్యి ఆనించలేనంత వేడెక్కాలి. ఫెండరు రోలర్‌ను కొద్దికొద్దిగా, నాలుగైదు విడతల్లో దించాలి. తొందరపడితే పెయింటు పగులుతుంది. పెయింటు పగలకపోయినా వెనక అంచులో రెండు రేకుల మధ్య సీలెంటు విడిపోతుంది. ఎన్ఏలకు తుప్పు మొదలయ్యే చోట్లలో అదొకటి. కనుక మడిచిన రోజే సీమ్ సీలరూ, దాని మీద తుప్పు పట్టని పూతా పూయాలి.

రిమ్ము కొనేటప్పుడు మోసపోయే చోట్లు

4×100 అన్నది హోండా, టయోటా, ఫోక్స్‌వాగన్, సుజుకీ అన్నీ వాడిన కొలత. దాంతో చవగ్గా రిమ్ములు దొరుకుతాయి, పొరపాట్లూ దొరుకుతాయి. హోండా ఫ్యాక్టరీ రిమ్ముకు బోరు 56.1, అంతకంటే ముఖ్యంగా నట్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది. మాజ్దా నట్టు 60 డిగ్రీల కోను. కోనును గుండ్రటి గుంటలో బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుతుంది, ఎంత టార్కు పెట్టినా వదులవుతుంది. మన దగ్గర స్విఫ్ట్ రిమ్ము కూడా 4×100, బోరు 54.1, కానీ సుజుకీ నట్టు మర 1.25. ఆ నట్టును మియాటా 1.5 స్టడ్ మీద ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే స్టడ్ పోయినట్టే. రిమ్ము ఎవరిదైనా కావచ్చు, నట్టు మీ స్టడ్‌కు సరిపడాలి, దాని కోను రిమ్ముకు సరిపడాలి.

బయటి కంపెనీల రిమ్ముల బోరు పెద్దగా ఉంటుంది, 73.1 తరచూ కనిపించేది. లోపల 54.1, బయట ఆ రిమ్ము బోరు కొలత ఉన్న హబ్ రింగులు నాలుగు తీసుకోండి. లేకపోతే చక్రం నడిమికి కూర్చోక, బ్యాలెన్సింగ్ చేయించినా వంద కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు అల్యూమినియం రింగులు కొనాలి. ప్లాస్టిక్‌వి బ్రేకుల వేడికి కరుగుతాయి.

వాడిన రిమ్ములయితే వెనకవైపు తిప్పి చూడండి. స్పోకు మొదట్లో వెంట్రుకవాసి పగుళ్లు, లోపలి అంచు వంపులు, నట్టు గుంటలు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి రావడం, ఇవి ముందువైపు నుంచి కనిపించవు. టైరు షాపులో బ్యాలెన్సింగ్ మెషిన్ మీద వట్టి రిమ్ము తిప్పించి చూస్తే వంకర వెంటనే తెలుస్తుంది. స్పోకు వెనక ఉండే జేడబ్ల్యూఎల్ ముద్ర (జపాన్ రిమ్ము ప్రమాణానిది), వెడల్పు, ఆఫ్‌సెట్ అంకెలు మీ కళ్లతో చదవండి. అమ్మేవాడు నోటితో చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు. వంటింటి కాటా మీద కాకపోయినా బాత్రూం కాటా మీదైనా తూచండి. పాత రిమ్ము కంటే కొత్తది బరువైతే ఈ ఖర్చంతా ఎందుకో మళ్లీ ఆలోచించాలి.

పాత టైర్లు కొనాల్సి వస్తే సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన స్పోర్ట్స్ టైరు ట్రెడ్ నిండా ఉన్నా రబ్బరు గట్టిబడి ఉంటుంది. ఇంకొకటి, వేసవి టైర్లు 7 డిగ్రీల కంటే చలిలో పట్టు వదిలేస్తాయి. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండేవాళ్లు పాత 14 అంగుళాల రిమ్ములు అమ్ముకోకుండా చలికాలం టైర్లు వేసి అటక మీద పెట్టుకోవడం తెలివైన పని.

బిగించే రోజు

హబ్ ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. దాని మీద చిన్న తుప్పు పెళ్ల ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్లు చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. 12 మి.మీ. స్టడ్‌కు కనీసం 12 మి.మీ. మర పట్టాలి, 1.5 పిచ్ మీద అది 8 చుట్లు. అంతకంటే తక్కువకే బిగిస్తే ఆ నట్లు వద్దు, లేదా మధ్యలో పెట్టిన స్పేసర్ తీసేయండి. ఎదురెదురు నట్లు మార్చిమార్చి, టార్క్ రెంచితో రెండు విడతల్లో బిగించాలి. మాజ్దా హద్దు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు, 110 దగ్గర ఆపితే సరి. ఇంపాక్ట్ గన్‌తో బిగించనివ్వకండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ టార్కు చూడాలి. కొత్త రిమ్ముల్లో నట్టు గుంట మొదట్లో కాస్త కుదురుకుంటుంది, అందుకే.

గాలి 26 నుంచి మొదలుపెట్టి, 195/50 మీద 28 దాకా పెంచి చూడొచ్చు. టైరు భుజాలు ముందు అరుగుతుంటే గాలి తక్కువ, నడుమ అరుగుతుంటే ఎక్కువ. చక్రాలు మార్చాక అలైన్‌మెంట్ చేయించండి. రోడ్డు వాడకానికి ముందు క్యాంబర్ మైనస్ 1, వెనక మైనస్ 1.5, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా లేదా పిసరంత లోపలికి.

కొత్త నట్లకు సన్నటి ప్రత్యేక సాకెట్ వస్తే, దాన్ని గ్యారేజీలో వదిలేయకండి. మాజ్దా పాత నట్లకు వాడే 21 మి.మీ. పానాతో అవి ఊడవు. ఆ సాకెట్టూ, స్టెప్నీకి సరిపడే నాలుగు పాత నట్లూ ఒక గుడ్డ సంచిలో వేసి డిక్కీలో స్టెప్నీ పక్కన కట్టేయండి.